పక్షిక్షయ క్రిమి ఏమి తినును?

పెరటిలో కోళ్లను పెంచు గృహములలో ఒక్కొక్కప్పుడు ఒక వింత జబ్బు కనబడును. కోడి మేత మానదు. మామూలుగనే గింజలు ఏరుకొని తినును. అయినను దినదినమునకు బరువు తగ్గిపోవును. కొంతకాలమునకు రొమ్ము ఎముక కత్తివాదరవలె పైకి తేలును, తురాయి పాలిపోవును, ఒక్కొక్కసారి కాలు కుంటుపడును. చచ్చిన కోడిని కోసి చూచినచో కాలేయమునందును, ప్లీహమునందును, ప్రేవులయందును పాలిపోయిన పసుపువన్నె గడ్డలు కనబడును. ఇదియే పక్షిక్షయ. మానవుని క్షయ ముఖ్యముగా ఊపిరితిత్తులను పట్టుకొనగా, పక్షిక్షయ కడుపులోని అవయవములను పట్టుకొనును. రోగపు కోడి రెట్టలతో క్రిములు నేలమీద పడి, సంవత్సరముల తరబడి బ్రతికియుండి, ఆ నేలను గీరి తిను తక్కిన కోళ్లకు సోకును.

ఈ జబ్బునకు కారణమైన క్రిమి ఆహారమును గూర్చియే మేమిక్కడ చెప్పదలచితిమి. ఒక సూక్ష్మక్రిమి యేమి తినునో తెలిసికొనుట అల్పవిషయమని తోచవచ్చును. కాని క్షయక్రిముల విషయమున ఆ ఒక్కటి తెలియుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగ పట్టినది. ఆ కాలములో వారు పలుమారులు ఒకే చోట తడబడిరి. పరీక్షనాళికలో క్రిమి పెరుగలేదన్న మాటను, అక్కడ క్రిమియే లేదన్న మాటగ గ్రహించిరి. ఈ రెండు మాటల నడుమ గల అంతరమే ఈ చరిత్రకు మూలము.

క్రిమిని పెంచి చూడవలసిన అవసరమేమని పాఠకులు అడుగవచ్చును. సూక్ష్మదర్శినిలో చూచిన చాలదా? చాలదు. మనుష్యుని క్షయక్రిమి, పశువుల క్షయక్రిమి, పక్షుల క్షయక్రిమి, ఈ మూడును చూపునకు ఒక్కతీరుననే యుండును. మూడును సన్నని కడ్డీలు. మూడింటికిని మైనమువంటి దళసరి పొర యుండుటచేత, ఒకసారి ఎక్కిన రంగు ఆమ్లముతో కడిగినను వదలదు. అన్నదమ్ముల పోలిక ఎంత యున్నను వారి భోజనపు అలవాట్లు వేరుగ నుండునట్లు, ఈ క్రిముల భేదము కూడ అవి తిను తిండిలోను, కోరు వేడిలోను బయటపడును.

1882 మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరమున రాబర్ట్ కోఖ్ క్షయక్రిమిని కనుగొన్నట్లు ప్రకటించెను. ఆయన గొప్పతనము క్రిమిని చూచుటతో ముగియలేదు. దానిని పశువు శరీరమునకు వెలుపల పెంచగలిగెను. పశువుల నెత్తురు గడ్డకట్టిన తరువాత పైకి తేలు తేటకు సీరమని పేరు. కోఖ్ ఆ సీరమును మెల్లగ వేడిచేసి గట్టిపరచి, దానిపై రోగపు గడ్డలోని కణమును ఉంచి, మనుష్యుని ఒంటి వేడిమియగు 37 డిగ్రీల సెంటిగ్రేడున కాపాడెను. తక్కిన క్రిములు ఒకటి రెండు దినములలో కంటికి కనబడునట్లు పెరుగుచుండగా, ఇది మాత్రము రెండవ వారమునగాని కనబడలేదు. మొదటి వారమునందే విసిగి నాళికను పారవేసినవానికి క్షయక్రిమి దొరకియుండెడిది కాదు. ఓపికయు ఈ క్రిమికి పెట్టవలసిన ఆహారములలో నొకటి యని ఆనాడే తేలినది.

అయితే కోఖ్ ఆ కాలమున క్షయ యెక్కడ కనబడినను దాని క్రిమి ఒక్కటే యని తలచెను. కోడి క్షయయు ఆ లెక్కలోనే చేరినది. ఈ తలపు సరికాదని తేలుటకు మరికొన్ని సంవత్సరములు పట్టెను. అందుకు దారి తీసినది గ్లిసరిన్.

1887లో ఫ్రాన్సుదేశమున పశువైద్యుడైన నొకార్, పాస్టరు శిష్యుడైన రూ, ఇరువురును కలిసి క్షయక్రిముల పోషక మాధ్యమమునకు కొంచెము గ్లిసరిన్ చేర్చి చూచిరి. ఆ తియ్యని చిక్కని ద్రవమును చేర్చుటతో, అంతవరకు బలవంతముగ పెరిగిన క్రిములు పుష్కలముగ పెరుగజొచ్చెను. మాంసపు రసముపై మీగడవలె తేలిన క్రిముల పొరను ప్రయోగశాలలవారు చూడగలిగిరి. పెంపకము సులభమైనపిమ్మట ఒక చోటి క్రిమిని మరియొక చోటి క్రిమితో పోల్చి చూచుటకు వీలు కలిగెను.

ఇటలీదేశమున పీసా నగరములో రివోల్టా, మఫూచీ అను ఇరువురు పండితులు ఈ పోలికను శ్రద్ధతో సాగించిరి. 1889, 1890 సంవత్సరములలో వారు వెల్లడించిన సంగతుల సారమిది. మనుష్యుని క్షయక్రిమి నాళికలో ఎండి, ముడుతలు పడి, రొట్టెపొడివలె పెళుసుగ పెరుగును. పక్షిక్షయ క్రిమి తడిగ, నునుపుగ, మెత్తని వెన్నవలె పరచుకొని పెరుగును. మనుష్యక్రిమిని గినీపందికి ఎక్కించినచో అది కొద్దివారములలో చచ్చును. పక్షిక్రిమిని ఎక్కించినచో చాలవరకు తట్టుకొనును. కోడికి ఎక్కించినప్పుడు ఫలితము తారుమారగును.

అన్నిటికంటె ముఖ్యమైన భేదము వేడిమియందు కనబడినది. కోడి ఒంటి వేడిమి మన వేడిమికంటె ఎక్కువ. సుమారు 41, 42 డిగ్రీలు. మనిషికి అంత జ్వరము వచ్చినచో ప్రాణాపాయము. మనుష్యుని క్షయక్రిమి కూడ ఆ వేడికి ఓర్వలేక పెరుగుట మానును. పక్షిక్షయ క్రిమి మాత్రము ఆ వేడిలోనే సుఖముగ నుండి, 43, 44 డిగ్రీలవరకు పెరుగగలదు. వేడిమి కూడ ఆహారమువంటిదే యను సంగతి అంతకు ముందే పాస్టరు మరియొక వ్యాధి విషయమున చూపియుండెను. ఆంత్రాక్సు వ్యాధి కోళ్లకు సోకకపోవుటకు వాటి ఒంటి వేడియే కారణమని ఊహించి, ఆయన 1878లో కోడిని చల్లని నీటిలో నిలిపి ఒంటిని చల్లబరచగా దానికి ఆ వ్యాధి సోకినది. క్రిమికి ఇల్లు తగినట్లుండవలెను. లేనిచో ఎంత తిండి పెట్టినను నిలువదు.

1890లో బెర్లిన్ నగరమున జరిగిన అంతర్జాతీయ వైద్యమహాసభలో కోఖ్ స్వయముగ తన పూర్వాభిప్రాయమును మార్చుకొని, పక్షిక్షయ క్రిమి మనుష్యుని క్రిమికి దగ్గర చుట్టమే యైనను వేరైనదని చెప్పెను. 1896లో ఈ కుటుంబమునకు మైకోబాక్టీరియము అను పేరు ఏర్పడినది. 1901లో పక్షిక్షయ క్రిమి మైకోబాక్టీరియం ఏవియం అని పిలువబడెను. ఏవియం అనగా పక్షులకు సంబంధించినదని లాటిన్ అర్థము.

పక్షిక్రిమికి పక్షి గ్రుడ్డే మంచి ఆహారమగుట ఒక చమత్కారము. 1902లో అమెరికాదేశమున డార్సెట్ అను శాస్త్రజ్ఞుడు కోడిగ్రుడ్డు తెల్లసొనను, పచ్చసొనను కలిపి, నాళికలో వాలుగ నుంచి, వేడితో గట్టిపరచి, క్షయక్రిములను దానిపై పెంచవచ్చునని చూపెను. 1930 ప్రాంతములలో లోవెన్‌స్టైన్, యెన్సెన్ అనువారు ఆ గ్రుడ్డునకు గ్లిసరిన్, కొన్ని లవణములు, ఇతర క్రిములను అణచు ఒక ఆకుపచ్చని రంగు చేర్చిరి. ఆ ఆకుపచ్చని గ్రుడ్డు మాధ్యమము నేటికిని ప్రపంచమునందలి క్షయ ప్రయోగశాలలలో వాడుకలో నున్నది. మన వంటయింటి గ్రుడ్డు ఇన్ని కోట్ల రోగుల పరీక్షకు ఉపకరించినదని తలచువారు అరుదు.

ఇంతవరకు కథ సాఫీగ నడిచినది. ఇక దీనికి అడ్డుపడినది ఒక ఆవు.

1895లో జర్మనీదేశపు డ్రెస్డెన్ నగరములో యోనె అను పశువైద్య పండితుడు, అమెరికానుండి వచ్చిన ఫ్రాదింగ్‌హామ్ అను సహచరునితో కలిసి, చిరకాలముగ విరేచనములతో చిక్కి మరణించిన ఒక ఆవు ప్రేవులను పరీక్షించెను. ప్రేవుల గోడ దళసరియై ముడుతలు పడియుండెను. అందులో క్షయక్రిములను పోలిన కడ్డీలు విశేషముగ కనబడెను. కాని ఆ రోగపు కణమును గినీపందులకు ఎక్కించగా అవి క్షయ పాలు కాలేదు. మనుష్యక్షయయు, పశుక్షయయు గినీపందులను చంపును. కాబట్టి ఇది పక్షిక్షయ క్రిమియే ఆవునకు సోకియుండవచ్చునని వారు ఊహించిరి. ఊహ తెలివిగలదే. దానిని రుజువు చేయుటకు క్రిమిని పెంచవలెను. ఏ మాధ్యమముపై నుంచినను అది పెరుగలేదు. పక్షిక్షయ క్రిమి పుష్కలముగ పెరుగు గ్లిసరిన్ అగర్ పైన కూడ పెరుగలేదు. కండ్లయెదుట వేలకొలది క్రిములున్నవి. నాళికలో ఒక్కటియు లేదు.

ఈ చిక్కును విప్పినవాడు లండను నగరములో బ్రౌన్ ఇన్‌స్టిట్యూషన్ అను చిన్న సంస్థకు అధిపతిగ నుండిన ఫ్రెడరిక్ ట్వార్ట్. ఆయన ఆలోచన సరళమైనది. ఈ కుటుంబమునకు చెందిన క్రిములు గడ్డిమీదను, మట్టిలోను ఎన్నో కలవు. అవి ఏ కష్టమును లేక పెరుగును. కాబట్టి పెరుగుదలకు కావలసిన ఏదో ఒక పదార్థమును అవి తమంతట తామే తయారుచేసికొనుచుండవలెను. ఆవు ప్రేవులలో తరతరములుగ నివసించిన క్రిమి ఆ పదార్థమును తయారుచేయు శక్తిని కోల్పోయియుండును. అట్లయినచో గడ్డిమీది క్రిమిని చంపి, దాని సారమును మాధ్యమములో కలిపి పెట్టిన నేమగును?

ట్వార్ట్ తిమోతీ గడ్డిపై దొరకు క్రిమిని విస్తారముగ పెంచి, వేడితో చంపి, దానిని గ్రుడ్డు మాధ్యమమునకు కలిపెను. పదునైదేండ్లు ఎవరికిని లొంగని క్రిమి పెరిగినది. 1910లో మొదటి వార్తయు, 1912లో ఇన్‌గ్రామ్ అను సహచరునితో కలిసి వివరమైన వ్యాసమును ఆయన ప్రకటించెను. అవసరమైన ఆ అజ్ఞాతపదార్థమును ఆవశ్యక పదార్థమని మాత్రము పిలిచెను. విటమిను అను మాట పుట్టినది కూడ 1912లోనే యగుట గమనింపదగినది. మనుష్యునకువలె క్రిమికి కూడ అణువంత పదార్థము కరవై ఆకలి తీరకుండవచ్చునని ఆ కాలపు శాస్త్రము అప్పుడప్పుడే గ్రహించుచుండెను.

క్రిములకు కావలసిన ఇట్టి పదార్థములను వెదకుట తరువాతి దశాబ్దములలో ఒక గొప్ప శాస్త్రశాఖ యైనది. డెన్మార్కులో డామ్ అను శాస్త్రజ్ఞుడు కోడిపిల్లల రక్తస్రావమును అరికట్టు విటమిను కె ను కనుగొనగా, 1940లో అమెరికాలో వూలీ, మెకార్టర్ అనువారు ఆ జాతి పదార్థములు ఆవు క్రిమి పెరుగుదలకు కూడ తోడ్పడునని చూపిరి. ఈ శాఖలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి తెలుగువారు మరువరానిది. న్యూయార్కు సమీపమున లెడర్లీ ప్రయోగశాలలో వారి నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసినది. పాలలో పెరుగు ఒక క్రిమికి కావలసిన పదార్థముగను, కోడిపిల్లల రక్తహీనతను పోగొట్టు పదార్థముగను రెండు దారులవెంట వెదకబడిన వస్తువు అదియే. క్రిమి ఆకలిని అర్థము చేసికొన్నవారికి మనుష్యుని మందు దొరకినది.

ట్వార్ట్ చెప్పిన ఆవశ్యక పదార్థము 1949లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్, మదినావేయిటియా, మెక్‌టర్క్, స్నో అను నలువురి చేత తిమోతీ గడ్డి క్రిమినుండియే విడదీయబడినది. దానికి మైకోబాక్టిన్ అని పేరుపెట్టిరి. ట్వార్ట్ మరుసటి సంవత్సరము, 1950 మార్చిలో, మరణించెను. ఆయన పనిచేసిన భవనము అప్పటికే 1944లో యుద్ధపు బాంబుదెబ్బకు నేలకూలినది.

మైకోబాక్టిన్ చేయు పని యేమి? అది ఇనుమును పట్టు కొక్కెమువంటిది. దాదాపు ప్రతి క్రిమికిని బ్రతుకుటకు ఇనుము కావలెను. కాని జీవుల శరీరము తన ఇనుమును విడిగ వదలి పెట్టదు. దానిని గట్టిగ బంధించి దాచుకొనును. ఇందుకు మన ఇంటి గ్రుడ్డే సాక్ష్యము. పచ్చి తెల్లసొనలో క్రిములు సులభముగ పెరుగవు. అందులోని ఒక మాంసకృత్తు ఇనుమునంతటిని పట్టుకొని క్రిములకు అందనీయదని 1944లో షేడ్, కరోలిన్ అనువారు కనుగొనిరి. రెండేండ్లకు అట్టి కాపలాదారే మనుష్యుని నెత్తుటిలోను కనబడెను. ఈ కాపలాను దాటి ఇనుమును చేకొనుటకే క్షయజాతి క్రిములు మైకోబాక్టిన్ తయారుచేసికొనును. ఆవు క్రిమి ఆ పని సరిగ చేయలేదు. 2005లో దాని జన్యువులనన్నిటిని చదివినపుడు, మైకోబాక్టిన్ తయారీకి సంబంధించిన ఒక జన్యువు పక్షిక్రిమి జన్యువుకంటె పొట్టిదై యున్నట్లు కనబడినది. ట్వార్ట్ ఊహకు దాదాపు నూరేండ్లకు ఆధారము దొరకినది.

మరి యోనె ఊహ యేమైనది? అది కూడ పూర్తిగ తప్పు కాలేదు. ఆవు క్రిమి కోడి క్రిమి కాదు. కాని రెండును ఒకే జాతిలోని ఉపజాతులని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఈ సంబంధమును స్పష్టపరచినవి అడవి పావురములు. ఐరోపాలో రోగముతో చచ్చిన అడవి పావురముల నుండి తీసిన క్రిములు కోడి క్రిములవలె మొదట పెరుగలేదు. మైకోబాక్టిన్ చేర్చిన పిమ్మటనే పెరిగెను. కొంతకాలము ప్రయోగశాలలో మార్చి మార్చి పెంచగా, కొన్ని ఆ సాయము లేకయే పెరుగ నేర్చినవి. 1990లో ఫ్రాన్సుకు చెందిన తొరెల్, ఆమె సహచరులు ఈ క్రిములనన్నిటిని పోల్చి, ఏవియం జాతిని మూడుగ విభజించిరి. కోళ్ల క్రిమి ఒకటి, ఆవుల క్రిమి ఒకటి, అడవి పావురముల క్రిమి మరియొకటి. మూడవదానికి అడవిని తెలుపు లాటిన్ మాటతో సిల్వాటికమ్ అని పేరు పెట్టిరి. ఈ విభజనలో ఆహారపు అలవాటు ముఖ్యమైన గురుతులలో నొకటి.

అదే 1990 ప్రాంతమున స్విట్జర్లండులోని జెనీవా నగరములో మరియొక చిక్కు తలయెత్తెను. ఎయిడ్స్ వ్యాధిచేత రోగనిరోధకశక్తి నశించిన రోగుల శరీరములో క్షయజాతి కడ్డీలు కుప్పలుగ కనబడుచున్నవి. గట్టి మాధ్యమముపై మాత్రము ఏమియు పెరుగుట లేదు. ద్రవమాధ్యమములో కొన్ని వారములకు కొద్దిగ పెరిగెను. పరిశోధకులు క్రిమి జన్యుపదార్థమును చదివి, అది ఎవరికిని తెలియని కొత్తజాతి యని 1992లో వెల్లడించి, జెనీవా పేరిట జెనవెన్స్ అని పిలిచిరి. మైకోబాక్టిన్ చేర్చినచో గట్టి మాధ్యమముపై కూడ దీనిని పెంచవచ్చునని ఆ సంవత్సరమే తెలిసినది. ఎనుబదేండ్లనాటి ట్వార్ట్ ఉపాయము మనుష్యులకు కూడ అక్కరకు వచ్చినది.

పిమ్మట స్విట్జర్లండు పశువైద్యులు పంజరములలో పెంచు చిలుకలను, చిన్న పిట్టలను పరీక్షించగా, పక్షిక్షయతో చచ్చిన పెంపుడు పక్షులలో ఈ జెనవెన్స్ క్రిమియే తరచుగ కనబడెను. అంతకు పూర్వము ఇట్టి పక్షుల నుండి తీసిన కణములు నాళికలలో పెరుగక, ఫలితము శూన్యమని ఎన్ని పుస్తకములలో వ్రాయబడియుండునో ఊహించుకొనవచ్చును. క్రిమి అప్పుడును ఉన్నది. దానికి తగిన భోజనము మాత్రము పెట్టబడలేదు.

ఇది చదివి పాఠకులు భయపడ నవసరములేదు. బలహీనులైన మనుష్యులకు సోకు ఏవియం జాతి క్రిములు చాలవరకు నీటిలోను, మట్టిలోను నివసించు వేరొక ఉపజాతికి చెందినవి. కోళ్లనుండి వచ్చునవి కావు. చక్కగ ఉడికిన గ్రుడ్డును, మాంసమును మానవలసిన పనిలేదు. అయితే పెరటి మందలో తిండి తినుచునే చిక్కిపోవు ముసలి కోడి కనబడినచో, దానిని మందనుండి వేరుచేసి పశువైద్యునికి చూపుట మంచిది. లేగదూడలున్న పశుశాలలో ఎంతకును కట్టని విరేచనములతో చిక్కు ఆవును గూర్చియు ఇంతే జాగ్రత్త వలయును. ఆ రోగము సాధారణముగ లేబ్రాయముననే సోకి, సంవత్సరముల తరువాత బయటపడును.

ఈనాడు క్రిమిని పెంచకయే దాని జన్యుపదార్థమును కొన్ని గంటలలో గుర్తించు పరీక్షలు వచ్చినవి. అట్లని పెంపకపు విద్య పాతబడిపోలేదు. జన్యుపరీక్ష క్రిమి యున్నదని చెప్పును. అది ప్రాణముతో నున్నదో లేదో, ఏ మందునకు ఎంతవరకు లొంగునో నిశ్చయముగ తెలియవలెనన్నచో, ఇప్పటికిని దానికి అన్నము పెట్టి పెంచి చూడవలసినదే. కోఖ్ సీరమునుండి మైకోబాక్టిన్ వరకు సాగిన ఈ పరిశ్రమ మనకు నేర్పు జాగ్రత్త ఒక్కటే. ప్రయోగశాల చీటిమీద పెరుగలేదని వ్రాసియున్నప్పుడు, రోగము లేదని తేల్చుటకు పూర్వము, ఏమి పెట్టి పెంచిరి, ఎంత వేడిలో నుంచిరి, ఎన్ని వారములు వేచి చూచిరి అను మూడు ప్రశ్నలు అడుగవలెను.